రెండడుగుల తొట్టికి ఏ గుంపు చేపలు? పది జీబ్రాలు, నెల రోజుల ఓపిక

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందుగా చెబుతాను. కాజీపేటలో ఉంటున్నారు, రెండడుగుల గాజు తొట్టి కొన్నారు, చిన్న చేపలు గుంపుగా తిరుగుతుంటే చూడాలని పిల్లల కోరిక. దుకాణంలో చూపించినవి జత చొప్పున ఆరు రకాలు వేశారు, వారం తిరగకముందే అన్నీ పోయాయి. తొట్టిని శుభ్రంగా కడిగి మళ్ళీ వేస్తే మళ్ళీ అదే జరిగింది. మన ఎండలకూ మన బోరు నీళ్ళకూ తట్టుకునే చేప ఏది, ఎన్ని వేయాలి, నాలుగు రోజులు ఊరికి వెళ్ళవలసి వస్తే వాటి సంగతేమిటి అని అడిగారు.

సూటిగా జవాబు ఇది: జీబ్రా డేనియోలు వేయండి. ఒకే రకం, ఎనిమిది నుంచి పది. అయితే తొట్టిలో నీళ్ళు నింపి ఫిల్టర్ నడిపిన నెల రోజుల తరువాతే వేయండి. ఈ చివరి మాటను పాటించకపోతే మొదటి రెండు మాటలకు విలువ లేదు. నేను హనుమకొండలో పంతొమ్మిదేళ్ళుగా చేపలు పెంచుతున్నాను. ఇప్పుడు ఇంట్లో నాలుగు తొట్లు ఉన్నాయి, వాటిలో రెండింటిలో ఉన్నవి జీబ్రాలే. కింద చెప్పేదంతా ఈ అనుభవంలో తేలినదే, కొంత చేపలను పోగొట్టుకుని నేర్చుకున్నది.

మీ చేపలు ఎందుకు పోయాయో ముందు చూద్దాం, ఎందుకంటే కారణం తెలియకుండా జాతి మార్చినంత మాత్రాన మూడోసారి కూడా ఫలితం మారదు. చేప మొప్పల గుండా అమ్మోనియాను నీళ్ళలోకి వదులుతూనే ఉంటుంది. తినకుండా మిగిలిన మేత, రెట్ట కుళ్ళినా అమ్మోనియాయే వస్తుంది. చెరువులో దానిని నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు మట్టి మీద, రాళ్ళ మీద, మొక్కల మీద పుష్కలంగా ఉంటాయి. అమ్మోనియా, నైట్రైటు రెండూ చేపకు విషం, నైట్రేటు మాత్రం కొంత మోతాదు వరకు ఏమీ చేయదు. కొత్త తొట్టిలో ఆ సూక్ష్మజీవులు ఉండవు. అవి ఫిల్టర్ స్పాంజి మీద, అడుగున పరిచే గులకరాళ్ళ (గ్రావెల్) మీద స్థిరపడి పని అందుకోవడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. పన్నెండు చేపలను మొదటి రోజే వేస్తే నాలుగో రోజుకో అయిదో రోజుకో అవి తమ విసర్జనలోనే ఊపిరాడక పోతాయి. నీళ్ళు చూడటానికి అద్దంలా ఉంటాయి కనుక మనకు అనుమానం కూడా రాదు.

ఇక రెండోసారి ఎందుకు పోయాయంటే, మీరు కడిగారు కనుక. దీనిలో మీ తప్పు లేదు. మన ఇళ్ళలో శుభ్రం అంటే తోమి, కడిగి, బోర్లించడమే. తొట్టినీ అలాగే చేయమని దుకాణాల వాళ్ళు కూడా చెబుతుంటారు. కాని అప్పటికి వారం పది రోజులుగా రాళ్ళ మీద కుదురుకుంటున్న ఆ కాస్త సూక్ష్మజీవులు కూడా కడుగులో పోయాయి, మళ్ళీ మొదటికి వచ్చింది. నేను మొదటి తొట్టి పెట్టినప్పుడు ప్రతి ఆదివారం చేపలను బకెట్లోకి తీసి, తొట్టిని వాకిట్లో పెట్టి, గ్రావెల్‌ను బియ్యం కడిగినట్టు కడిగేవాడిని. అలా ఆరు నెలలు చేశాను. ఏ సోమవారమైనా ఒక చేప తేలకపోతే ఆశ్చర్యపోయేవాడిని తప్ప, తేలడానికి కారణం నా ఆదివారమేనని తోచలేదు.

మన ప్రాంతంలో ఈ సమస్య ఇంకొంత తీవ్రంగా ఉండటానికి ఒక రసాయన కారణం ఉంది. నీటిలోని అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, వాటిలో ఒకటి మాత్రమే అసలైన విషం. ఆ విషరూపం వాటా నీటి పీహెచ్ (నీటి పులుపు, క్షారాల కొలత) పెరిగినా, వేడి పెరిగినా పెరుగుతుంది. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే ఆ వాటా ఒక శాతం లోపే ఉంటుంది. అదే వేడిలో పీహెచ్ 8 అయితే ఏడు శాతం దాటుతుంది. మన బోరు నీళ్ళు సాధారణంగా గట్టి నీళ్ళు, గిన్నెల మీద తెల్లటి చార కట్టేవి, పీహెచ్ ఏడున్నరకు పైనే ఉండేవి. కనుక మెత్తని నీళ్ళున్న చోట చేపలు ఓర్చుకునే పొరపాటును మన దగ్గర ఏప్రిల్‌లో చేస్తే ఓర్చుకోవు.

నెల రోజుల పాటు ఏం చేయాలి? తొట్టిలో గ్రావెల్ వేసి, నీళ్ళు నింపి, ఫిల్టర్‌ను రాత్రింబవళ్ళు నడపండి. రెండు రోజులకొకసారి చిటికెడు చేపల మేత వేయండి. అది కుళ్ళి అమ్మోనియా ఇస్తుంది, సూక్ష్మజీవులకు అదే ఆహారం. మధ్యలో నీళ్ళు తెల్లగా మసకబారితే కంగారుపడి మార్చవద్దు, దానంతటదే తేరుకుంటుంది. అమ్మోనియా, నైట్రైటు కొలిచే చుక్కల టెస్ట్ కిట్ దొరికితే కొనండి, రెండూ సున్నాకు వచ్చిన రోజున మీ తొట్టి సిద్ధమైనట్టు. తెలిసిన వారి ఇంట్లో ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టి ఉంటే, వారి ఫిల్టర్ స్పాంజిని మీ తొట్టిలో పిండించుకోండి. ఆ మురికి నీళ్ళు చూసి ఇంట్లోవాళ్ళు ముఖం చిట్లిస్తారు, కాని నెల రోజుల పని పది పదిహేను రోజుల్లో అవుతుంది. నేను ఇప్పుడు కొత్త తొట్టి పెట్టినప్పుడల్లా చేసే పని ఇదే.

ఇక జీబ్రానే ఎందుకు అన్న విషయానికి వస్తాను. పెద్ద ధర పలకని చేప ఇది. అంగుళంన్నర పొడవు, వెండి రంగు ఒంటి మీద తల నుంచి తోక దాకా నీలి చారలు. దుకాణంలో రంగురంగుల చేపల పక్కన పెడితే ఎవరి కంటా పడదు. కాని ఇది పరాయి దేశపు చేప కాదు. గంగా పరీవాహకంలోని కోసి నది ప్రాంతపు చేపగా దీనిని 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ శాస్త్రీయంగా వర్ణించాడు. ఉత్తర, తూర్పు భారతంలో, బంగ్లాదేశ్‌లో, నేపాల్‌లో పిల్లకాలువల్లో, వరిమళ్ళ పక్కన నిలిచే నీళ్ళల్లో బతుకుతుంది. ఆ నీళ్ళు శీతకాలంలో 20 డిగ్రీల కిందికి దిగుతాయి, వేసవిలో 33 డిగ్రీలు దాటుతాయి, వానకు బురదవుతాయి. వీటన్నిటినీ ఓర్చుకున్న జాతికి మన హాలులో పెట్టిన తొట్టి పెద్ద పరీక్ష కాదు. హైదరాబాదు సీసీఎంబీ వంటి పరిశోధన సంస్థల్లో ఇదే చేపను పెంచి ప్రయోగాలు చేస్తారు. సులభంగా బతకడం, త్వరగా పిల్లలు పెట్టడం, పిండం గాజులా పారదర్శకంగా ఉండటం దానికి కారణాలు.

దుకాణంలో మీకు చూపించే మిగతావాటి గురించి క్లుప్తంగా చెబుతాను. నియాన్ టెట్రాలు అందంగా ఉంటాయి, కాని అవి అమెజాన్ ప్రాంతపు మెత్తని, కొద్దిగా పుల్లని నీళ్ళ చేపలు. మన బోరు నీళ్ళలో కొత్తవారి చేతిలో నిలవవు. వైట్ క్లౌడ్ మిన్నోలను గట్టి చేపలని పుస్తకాల్లో చదివి ఉంటారు. ఆ మాట నిజమే కాని అవి దక్షిణ చైనా కొండవాగుల చేపలు, చల్లని నీళ్ళు కావాలి, వరంగల్ మే నెలకు పనికిరావు. టైగర్ బార్బ్‌లు దృఢమైనవే, అయితే పక్క చేపల రెక్కలు కొరుకుతాయి. రోజీ బార్బ్ మన దేశపు మంచి చేప, గుంపు చేపే, కాని రెండున్నర మూడంగుళాలు పెరుగుతుంది కనుక మూడడుగుల తొట్టి ఉంటే ఆలోచించండి. బ్లాక్ విడో టెట్రాలు జీబ్రాలకు దాదాపు సమానంగా ఓర్చుకుంటాయి. జీబ్రాలు నచ్చకపోతే నా రెండో ఎంపిక అవే. గోల్డ్‌ఫిష్, చిన్న షార్క్ అని అమ్మే చేప, సక్కర్ అనే మూడూ రెండడుగుల తొట్టికి తగవు. ఆ షార్క్ పిల్ల పెద్దదైతే మీటరు దాటుతుంది.

ఎన్ని వేయాలన్నది ఏది వేయాలన్నదానికంటే ముఖ్యం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే సుమారు 56 లీటర్లు. గ్రావెల్, పైన వదిలే ఖాళీ తీసేస్తే నికరంగా 45 లీటర్ల నీళ్ళు మిగులుతాయి. దీనికి పది జీబ్రాలు సరిపోతాయి, పన్నెండు గరిష్ఠం. ఆరు కంటే తగ్గించవద్దు. ఎందుకో నాకు జరిగిందే చెబుతాను. మొదట్లో నేను మూడే తెచ్చాను, బతికితే మరిన్ని తెద్దామనుకున్నాను. నాలుగో రోజు నుంచి ఒక సన్నటి మగచేప మిగతా రెండింటినీ తరమడం మొదలుపెట్టింది. అందులో ఒకటి ఫిల్టర్ పైపు వెనక, గాజుకూ పైపుకూ మధ్య వేలు పట్టనంత సందులో ఇరుక్కుని రోజంతా అక్కడే ఉండేది, మేత వేసినా బయటకు వచ్చేది కాదు. పదిరోజులకు అది పోయింది. ఆ తరువాత రెండోదానికి అదే గతి పట్టింది. అప్పుడు నేను జబ్బు అనుకుని తొట్టి నిండా నీలిమందు (చేపల జబ్బులకు వాడే మిథిలీన్ బ్లూ) పోశాను. జబ్బేమీ లేదు. జీబ్రాలలో పెద్దరికం కోసం పోటీ సహజం. పది ఉన్నప్పుడు ఆ తరుముడు పదింటికీ పంచుకోబడుతుంది, ఏ ఒక్కదానికీ దెబ్బ తగలదు. మూడే ఉంటే భారమంతా అన్నిటికంటే బలహీనమైనదాని మీద పడుతుంది. కొనేటప్పుడు ఆడచేపలు ఎక్కువ ఉండేలా చూసుకోండి. ఆడచేప పొట్ట గుండ్రంగా, వెండిలా ఉంటుంది. మగది సన్నగా, చారల మధ్య కొంచెం పసుపు ఛాయతో కనిపిస్తుంది.

ఇక్కడ మీ పిల్లలకు ముందే చెప్పవలసిన మాట ఒకటి ఉంది. తెచ్చిన మొదటి రెండు మూడు రోజులు పదీ ఒకే ముద్దగా, ఒకే వైపు ముఖం పెట్టి, ఒకేసారి మళ్ళుతూ తిరుగుతాయి. చూడముచ్చటగా ఉంటుంది. అది భయం. వారం గడిచి, తొట్టి తమదేనని నమ్మకం కుదిరాక విడివడి, రెండు మూడు చొప్పున, పై నీటిలో అటూ ఇటూ పరుగులు తీస్తాయి. “చేపలు గుంపుగా తిరగడం మానేశాయి, ఏదో అయింది” అని నన్ను అడిగినవారు చాలామంది ఉన్నారు. నిజానికి అప్పుడే వాటికి బాగున్నట్టు. గాజు మీద అరచేయి ఆనించి చూడండి, క్షణంలో మళ్ళీ ముద్దకడతాయి. ప్రతిరోజూ మాత్రం ఆ ఆట ఆడనివ్వకండి. నెల గడిచాక కూడా అవి ముద్దగా మూలకు చేరి కదలకుండా ఉంటే, అది నీటిలో తేడాకు గుర్తు. బకెట్ తీసి కొన్ని నీళ్ళు మార్చండి.

నీళ్ళ గురించి. మా ఇంట్లో బోరు నీళ్ళ టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాల కొలత, 780 ఉంటుంది, నల్లా నీళ్ళలో దానికి సగం లోపే. జీబ్రాలకు బోరు నీళ్ళు కూడా సరిపోతాయి, కాని బోరు నుంచి తోడిన నీళ్ళను నేరుగా పోయవద్దు. భూమి లోపలి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువగా, బొగ్గుపులుసు గాలి ఎక్కువగా ఉంటుంది. డ్రమ్ములో నింపి ఎయిర్ స్టోన్ (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) వేసి ఒక రోజంతా ఉంచితే పీహెచ్ ఒక చోట నిలుస్తుంది. నల్లా నీళ్ళకైతే క్లోరిన్ సమస్య. రోజంతా తెరిచి ఉంచినా పోతుంది, తొందరైతే దుకాణంలో యాంటీ క్లోరిన్ అని దొరికే చుక్కలు వేయండి. వారానికొకసారి నాలుగో వంతు నీళ్ళు, అంటే పది పన్నెండు లీటర్లు, తీసి కొత్తవి పోస్తే చాలు. నీళ్ళన్నీ ఒకేసారి మార్చవలసిన అవసరం ఏ పరిస్థితిలోనూ నాకు రాలేదు. ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద పెట్టవద్దు. తొట్టి నుంచి తీసిన ఆ బకెట్ నీళ్ళలోనే రెండుసార్లు పిండి మళ్ళీ పెట్టేయండి.

ఇక ఎండాకాలం గురించి. వేరే ప్రాంతాలవారు రాసే సలహాల్లో హీటరు గురించే ఉంటుంది. మనకు పదకొండు నెలలు దానితో పనిలేదు. మన సమస్య మే నెలలో బయట 43, 44 డిగ్రీలు ఉన్నప్పుడు, మిద్దె ఇంట్లో పై అంతస్తు హాలులో తొట్టి నీళ్ళు 34, 35 దాకా వేడెక్కడం. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 30 దగ్గర ఏడున్నరే పడుతుంది, 35కు ఏడు లోపుకు వస్తుంది. ఆ వేడిలో చేపకు కావలసిన ప్రాణవాయువు మాత్రం పెరుగుతుంది. ఇటు రాబడి తగ్గి, అటు ఖర్చు పెరిగినట్టు.

దీనికి మన దగ్గర చౌకైన ఉపాయం ఉంది. తొట్టి మూత తీసి, దోమతెర లాంటి సన్నని జాలీ బిగించి, చిన్న టేబుల్ ఫ్యాను గాలి నీటి ఉపరితలం మీదుగా పోయేలా పెట్టండి. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. మన ఏప్రిల్, మే గాలి పొడిగా ఉంటుంది కనుక మా ఇంట్లో మూడు డిగ్రీల వరకు తగ్గుతుంది. ఇది కూలర్ పనిచేసే సూత్రమే. అందుకే అదే గదిలో కిటికీలన్నీ మూసి కూలర్ నడిపితే గాలిలో తేమ నిండి ఫ్యాను ప్రభావం తగ్గుతుంది. ఒక కిటికీ తెరిచి ఉంచండి. జూన్‌లో ముసురు పట్టాక ఈ ఉపాయం అంతగా పనిచేయదు, అప్పటికి ఎండే తగ్గుతుంది కనుక ఫరవాలేదు. ఐసు ముక్కలు వేసేవారున్నారు, దయచేసి వద్దు. గంటలో నాలుగు డిగ్రీలు పడిపోయి మళ్ళీ సాయంత్రానికి నాలుగు పెరగడం కంటే నిలకడగా 33 ఉండటం జీబ్రాకు నయం.

ఈ ఫ్యాను పద్ధతిలో ఎవరూ చెప్పని చిక్కు ఒకటి ఉంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, దానిలోని లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. రోజూ తగ్గిన రెండు లీటర్ల చోట బోరు నీళ్ళు పోస్తూ పోతే నెలకు తొట్టి నీళ్ళు బోరు నీళ్ళకంటే చాలా గట్టిపడతాయి. ఒక మే నెలాఖరున నా తొట్టి టీడీఎస్ 1400 చూపించింది. అద్దం మీద నీటి గీత దగ్గర గోరుతో గీకినా రాని తెల్లటి పెచ్చు కట్టింది. ఆవిరైన నీటి స్థానంలో ఆర్వో నీళ్ళో, పట్టి ఉంచిన శుభ్రమైన వాన నీళ్ళో పోయండి. వారపు మార్పిడికి మాత్రం బోరు నీళ్ళు వాడండి. ఈ రెండూ వేరు వేరు పనులు.

కరెంటు పోతే ఏం చేయాలన్నది కూడా వేసవి ప్రశ్నే. ఒక మే నెల రాత్రి గాలివానకు మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. అప్పట్లో ఇన్వర్టరు లేదు. రాత్రి రెండు గంటలకు లేచి టార్చి వేసి చూస్తే చేపలన్నీ పైకి వచ్చి, నోళ్ళు నీటి గీతకు ఆనించి, గుటకలు వేస్తున్నాయి. స్టీలు చెంబుతో తొట్టి నీళ్ళే ముంచి, జానెడు ఎత్తు నుంచి ధారగా పోస్తూ కూర్చున్నాను, కాసేపు నేను, కాసేపు మా ఆవిడ. తెల్లవారి ఆరింటికి కరెంటు వచ్చింది. అప్పుడున్న మూడు ఏంజెల్ చేపల్లో రెండు పోయాయి, జీబ్రాలు తొమ్మిదికి తొమ్మిదీ మిగిలాయి. ఆ మరుసటి వారమే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు కొన్నాను. మీకు ఇన్వర్టరు ఉంటే తొట్టి ప్లగ్గును దానికి కలపండి. ఎయిర్ పంపు తినేది మూడు నాలుగు వాట్లే.

చలికాలం సంగతి తేలిక. డిసెంబరు, జనవరి రాత్రుల్లో నీళ్ళు 20, 21కి దిగినా జీబ్రాలు మందగిస్తాయి తప్ప చావవు. అయితే ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు వచ్చే జబ్బు ఎక్కువగా అప్పుడే, అందులోనూ కొత్త చేపలను తెచ్చినప్పుడే కనిపిస్తుంది. వస్తే హీటరుతో మెల్లగా, రోజుకు రెండు డిగ్రీల కంటే మించకుండా, 30 దాకా పెంచి, లీటరుకు రెండు గ్రాముల లెక్కన కల్లుప్పును రెండు రోజుల్లో కరిగించి పోసి, రెండు వారాలు ఉంచుతాను. ఎయిర్ పంపు తప్పనిసరి. నీలిమందును ఫిల్టర్ నడుస్తున్న తొట్టిలో పోయవద్దు, అది సూక్ష్మజీవులను కూడా దెబ్బతీస్తుంది. అసలు ఆ జబ్బు రాకుండా ఉండాలంటే తెచ్చిన చేపలను రెండు వారాలు విడిగా ప్లాస్టిక్ టబ్బులో ఉంచి చూడటమే మార్గం. నేను ఈ నియమాన్ని ఒక్కసారే తప్పాను, ఆ ఒక్కసారే చుక్కలు వచ్చాయి.

కొనేటప్పుడు హైదరాబాదు దాకా వెళ్ళనవసరం లేదు. మన ఊరి దుకాణంలో మన నీళ్ళలోనే పది పదిహేను రోజులు బతికిన చేప, రైలులో సంచీలో వచ్చిన మెరుగైన చేపకంటే మీకు మేలు. సరుకు ఎప్పుడు వచ్చిందో అడగండి, నిన్ననే వచ్చిందంటే వారం ఆగండి. రెక్కలు ముడుచుకున్నవి, పొట్ట లోపలికి పోయినవి, వెన్ను వంగినవి ఉన్న తొట్టిలోంచి బాగున్నదాన్ని కూడా తీసుకోవద్దు. ఇంటికి తెచ్చాక సంచీని నీళ్ళ మీద పదిహేను నిమిషాలు తేలనిచ్చి, తరువాత అరగంట పాటు గ్లాసు గ్లాసుగా మన నీళ్ళు కలిపి, చేపలను చిన్న వలతో ఎత్తి వదలండి. సంచీలోని నీళ్ళను పారబోయండి.

మేత విషయంలో అందరం చేసే తప్పు ఎక్కువ వేయడం. జీబ్రా నోరు పైకి తిరిగి ఉంటుంది, నీటి మీద తేలేదాన్ని అందుకోవడానికి. రేకుల మేతను వేళ్ళ మధ్య నలిపి, రెండు నిమిషాల్లో పూర్తయ్యేంత మాత్రమే పూటకు ఒకసారి చొప్పున రెండు పూటలు వేయండి. కిందికి దిగినది చాలా వరకు అవి పట్టించుకోవు, అది అమ్మోనియా అవుతుంది. వారంలో ఒక రోజు ఉపవాసం ఉంచండి. వానాకాలంలో కుండీల్లో దోమ పిల్లలు కనిపిస్తే వడకట్టి వేయండి, ఆ రోజు తొట్టి ముందు నుంచి పిల్లలు కదలరు. కాని వాటి కోసమని నీళ్ళు నిలవ పెట్టకండి, డెంగీ కాలం.

జీబ్రాలు ఎగురుతాయి. మూత లేని తొట్టిలో జీబ్రా వేస్తే ఏదో ఒక తెల్లవారుజామున గట్టు కింద ఎండిపోయి దొరుకుతుంది. చీమలు చెబితే తప్ప మా ఇంట్లో ఒకదాని సంగతి తెలియలేదు. జాలీ అందుకే. వైరు, పైపు వచ్చే మూల కూడా వదలకుండా కప్పండి. అలాగే దోమల మందు పిచికారీ, ద్రవం మిషన్ ఆ గదిలో వాడవద్దు. వాటిలోని మందు చేపలకు చాలా తక్కువ మోతాదులోనే విషం, ఎయిర్ పంపు గదిలోని గాలినే నీటిలోకి ఊదుతుంది. చెరువు నుంచి నాచు మొక్కలు తెచ్చి వేద్దామనిపిస్తే ఉప్పు నీళ్ళలో ముంచి, టబ్బులో వారం ఉంచి చూడండి. ధర్మసాగర్ వైపు నుంచి నేను తెచ్చిన హైడ్రిల్లాతో పాటు తూనీగ పిల్ల ఒకటి వచ్చింది. దవడ చాచి చేపను పట్టేది అదేనని తెలుసుకునేలోపు మూడు జీబ్రాలు తక్కువయ్యాయి.

ఏడాది తరువాత పిల్లలు పెట్టించాలని ఉత్సాహం కలిగితే, చిన్న తొట్టి అడుగున రెండు వరుసలు గోలీలు పరిచి, సాయంత్రం రెండు ఆడ, ఒక మగ చేపను వదలండి. తెల్లవారుతూనే గుడ్లు రాలుస్తాయి. పెద్దవి వాటిని తినేస్తాయి, గోలీల సందుల్లోకి జారినవి మిగులుతాయి. చేపలను తీసేసి మరుసటి రోజు భూతద్దంతో చూస్తే గుడ్డులో గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. రెండు మూడు రోజుల్లో పిల్లలు బయటకు వస్తాయి. పిల్లలు ఎక్కువైతే తెలిసినవారికివ్వండి, దుకాణానికివ్వండి, భద్రకాళి చెరువులోనో వడ్డేపల్లి చెరువులోనో మాత్రం వదలవద్దు. అలా ఎవరో వదిలిన సక్కర్లే ఇవాళ మన రెండు రాష్ట్రాల చెరువుల్లో దెయ్యం చేపలై జాలరుల వలలు చింపుతున్నాయి.

చివరగా ఊరికి వెళ్ళడం గురించి. మేడారం జాతరకు నాలుగు రోజులు వెళ్తే చేపలకు ఏ ఏర్పాటూ అక్కరలేదు. ఆరోగ్యంగా ఉన్న జీబ్రాలు అయిదారు రోజులు మేత లేకుండా ఉండగలవు. వెళ్ళే ముందు రోజు నీళ్ళు మార్చి, జాలీ సరిచూసి, ఫిల్టర్, ఎయిర్ పంపు ఆన్‌లో ఉంచి, తొట్టి దీపం ఆర్పేయండి. పక్కింటివారికి తాళం ఇచ్చి మేత వేయమని చెప్పకండి. ఒక జాతరకు నేను అలా చెప్పి వెళ్ళాను. వారి అబ్బాయి ఏడేళ్ళవాడు, చేపలు ఆకలితో నోరు తెరుస్తున్నాయని జాలిపడి మూడో రోజు డబ్బా మొత్తం ఒంపాడు. మేము బెల్లం ప్రసాదంతో ఇల్లు చేరేసరికి తొట్టి మజ్జిగలా ఉంది. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్ళినా మేత డబ్బాను బీరువాలో పెట్టి వెళ్తున్నాను.